మొక్కలు పెంచడం రాకపోయినా పూలకు దగ్గరవడం ఎలా?

నా చేతుల్లో ఒక గులాబీ ఎండిపోయింది. రెండు మల్లె మొక్కలు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. పెద్దగా నీళ్లు అక్కర్లేదని చెప్పి ఒకరిచ్చిన కలబందకు కూడా నేను రోజూ నీళ్లు పోయడంతో వేరు కుళ్లిపోయింది. ఖాళీ కుండీలు కంటపడినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. ఇంత ఇష్టం ఉండి ఒక్క మొక్కనూ బతికించుకోలేకపోయానే అన్న బాధతో కొన్నేళ్లు పూల జోలికే వెళ్లలేదు. ఎవరి పెరట్లోనైనా నిండుగా పూసిన కొమ్మ కనబడితే చూపు తిప్పుకునేదాన్ని.

అన్నేళ్లు అలా పోగొట్టుకోకుండా ఉండాల్సింది. మొక్కను పెంచడం ఒక విద్య, పువ్వును చూడడం ఇంకో విద్య. మొదటిది రానివాళ్లకు రెండోది రాదని ఎక్కడా లేదు. ఈ రెండో విద్యకు మట్టి, ఎరువు, కుండీ ఏవీ అక్కర్లేదు. కాస్త టైమ్, మళ్లీ మళ్లీ అదే చోటికి వెళ్లే ఓపిక ఉండాలి. మీ ఇంట్లోనూ మొక్కలు నిలవకపోతే, నాకు పనికొచ్చిన పద్ధతి మీకూ పనికొస్తుందనే నమ్మకంతో రాస్తున్నాను.

ముందు ఆ బరువు దించుకోండి

ఖాళీ కుండీలుంటే మొక్కలు బాగా పెంచేవాళ్లకు ఇచ్చేయండి. అవి కళ్ల ముందు ఉన్నంతకాలం మీరు ఓడిపోయిన సంగతే గుర్తుచేస్తుంటాయి.

పెంచితేనే మేలు, ఊరికే చూస్తే ఏమొస్తుంది అనుకుంటున్నారా? 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించాడు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులను ఆయన పోల్చి చూశాడు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు కాస్త ముందుగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. ఆ చెట్లను వాళ్లు నాటలేదు, నీళ్లు పోయలేదు. మంచం మీంచి చూశారు, అంతే. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది సమాధానాలతో వచ్చిన ఇంకో అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపామన్నవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఆ సమయాన్ని ఒకేసారి గడిపారా, విడివిడిగా గడిపారా అన్నదానితో తేడా రాలేదు. రోజులకు పంచుకుంటే 17 నిమిషాల చొప్పున వస్తుంది. అందులో సగంతోనైనా మొదలుపెట్టండి.

ఒక్క చెట్టును పట్టుకోండి

పార్కు మొత్తం చూద్దామని బయల్దేరితే ఏదీ గుర్తుండదు. మన కన్ను పచ్చదనాన్ని నాటకంలో వెనక కట్టిన తెరలా చూసి వదిలేస్తుంది. అమెరికాలో జీవశాస్త్ర బోధన మీద పనిచేసిన జేమ్స్ వాండర్సీ, ఎలిజబెత్ షుస్లర్ 1990ల చివర్లో దీనికి ‘మొక్కలు కనబడని గుడ్డితనం’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. దీన్ని పోగొట్టుకోవడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే: ఒకే చెట్టు దగ్గరికి పదేపదే వెళ్లడం.

మీరు రోజూ నడిచే దారిలో ఒక చెట్టునో పొదనో ఎంచుకోండి. అన్నిటికంటే అందమైనదే కావాలని చూడకండి. ఐదు నిమిషాల్లో చేరుకోగలగాలి, అక్కడ నిలబడితే ఎవరికీ అడ్డు కాకూడదు, ఒక కొమ్మయినా మీ కంటి ఎత్తుకు రావాలి. మీ కిటికీలోంచే కనిపించేదైతే ఇంకా మంచిది.

మొదటి వారం రోజూ ఒకే సమయానికి వెళ్లి రెండు నిమిషాలు నిలబడండి. రెండో వారం సమయం మార్చండి. ఒక రోజు తెల్లవారుజామున, ఒక రోజు మిట్టమధ్యాహ్నం, ఒక రోజు చీకటి పడ్డాక. ఇలా మార్చమని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఎంచుకున్నది బస్టాపు పక్కనున్న నిద్రగన్నేరు. ఏళ్ల తరబడి దాని నీడలో నిలబడ్డాను గానీ ఆ పేరు ఎందుకొచ్చిందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక సాయంత్రం బస్సు ఆలస్యమై అక్కడే ఉండిపోయినప్పుడు చూశాను, ఆకులు జంటలు జంటలుగా దగ్గరికి ముడుచుకుంటున్నాయి. చూస్తుండగానే చెట్టంతా పలచబడి కొమ్మల మధ్య నుంచి ఆకాశం కనిపించింది. ఆకు మొదట్లో ఉబ్బెత్తుగా ఒక చిన్న కీలు ఉంటుంది. దానిలో ఒక పక్క కణాల్లోంచి నీళ్లు ఇంకో పక్కకు మళ్లితే ఆకు ముడుచుకుంటుంది, తిరిగి వస్తే విచ్చుకుంటుంది. బాగా మబ్బు పట్టిన ఒక రోజు పగలే ముడుచుకోవడం కూడా తర్వాత చూశాను. ఆ పేరు పెట్టినవాళ్లు దాన్ని ఎంత దగ్గరగా గమనించి ఉంటారో అనుకుంటే ఒళ్లు పులకరించింది.

దాని పువ్వును దూరం నుంచి చూస్తే గులాబీ రంగు కుచ్చులా ఉంటుంది. కింద రాలిన ఒకదాన్ని తీసుకుని విడదీసి చూడండి. అది ఒక పువ్వు కాదు, చాలా పూల గుత్తి. మనం రేకులనుకునే ఆ రంగు దారాలు నిజానికి కేసరాలు. అసలు రేకులు అడుగున చిన్న గొట్టంలా ఉండి కంటికి ఆనవు.

మీ చెట్టుకు మొగ్గలు వచ్చాక ఒక చిన్న పని చేయండి. ఒక్క మొగ్గను ఎంచుకుని దాని కాడకు రంగు దారం వదులుగా కట్టండి. రోజూ దాన్నే చూడండి. ఎన్నో రోజున విచ్చుకుంది, రేకులు ఎప్పుడు వాడాయి, రాలాక ఆ చోట పిందె నిలిచిందా లేక కాడతో సహా ఊడిపోయిందా. వంద పూలను ఒక్కసారి చూసినప్పటికంటే ఒక్క మొగ్గ వెంట పది రోజులు నడిచినప్పుడే నాకు ఎక్కువ తెలిసింది. పని అయ్యాక దారం విప్పేయడం మరిచిపోకండి, కాడ లావయ్యే కొద్దీ అది బిగుసుకుంటుంది.

పువ్వు లోపలికి చూడండి

దీనికి 10 రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కుంటే బాగుంటుంది. చాలామంది దాన్ని పువ్వు మీద పెట్టి దూరం నుంచి చూస్తారు, అలా ఏమీ కనబడదు. అద్దాన్ని కంటికి దాదాపు ఆనించి పట్టుకోండి, పువ్వునే మెల్లగా దగ్గరికి తెచ్చుకోండి. రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఒక్కసారిగా స్పష్టమవుతుంది.

మొదటి పాఠానికి ఒంటిరెక్క మందారాన్ని మించింది లేదు, అన్నీ పెద్దగా, విడిగా కనిపిస్తాయి. మధ్యలోంచి బయటికి పొడుచుకొచ్చే పొడవాటి కాడ ఉంది కదా, అది కేసరాలన్నీ అతుక్కుని ఏర్పడిన గొట్టం. దాని చుట్టూ ఉన్న పసుపు గుండ్లు పుప్పొడి తిత్తులు. ఆ గొట్టం లోపలి నుంచే పువ్వు ఆడ భాగానికి చెందిన సన్నని కాడ (కీలం) సాగి, చివర్లో ఐదు చిన్న బొడిపెలుగా బయటికి వస్తుంది. రేకులు ఐదు, బొడిపెలు ఐదు. ఇప్పుడు పక్కన ఒక ముద్ద మందారం పెట్టి చూడండి. కేసరాలు తక్కువ, రేకులు ఎక్కువ. కేసరాలు కావాల్సినవి చాలావరకు రేకులుగా మారిపోవడం వల్లే అది ముద్దగా ఉంటుంది. కొన్ని పూలలో సగం కేసరం, సగం రేకు అయినవి కూడా దొరుకుతాయి, వెతకండి.

తర్వాత బంతిపువ్వును తీసుకోండి. దాన్ని చీల్చి చూస్తే లోపల ఉన్నవన్నీ చిన్న చిన్న పూలే. చామంతీ అంతే, పొద్దుతిరుగుడూ అంతే. పొద్దుతిరుగుడు మధ్యభాగంలో ఆ చిట్టి పూలు సుడులు తిరుగుతూ అమరి ఉంటాయి. ఒక వైపు తిరిగే సుడులను లెక్కపెట్టండి, తర్వాత రెండో వైపు తిరిగేవాటిని. మామూలు సైజు పువ్వులో తరచుగా 34, 55 వస్తాయి. 1, 1, 2, 3, 5, 8, 13, 21 అంటూ ముందరి రెండూ కలుపుకుంటూ పోతే వచ్చే వరుసలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

కాగితం పువ్వు చెట్టు కనబడితే ఆగండి. ఆ ఎర్రటి, ఊదా రంగు రేకులు రేకులే కావు, రంగు తేలిన ఆకులు. వాటి మధ్యలో సన్నగా, తెల్లగా ఉన్న మూడు గొట్టాలే అసలు పూలు. ఇన్నేళ్లూ దాని ఆకులను చూసి పూలనుకున్నానని తెలిసిన రోజు నేను ఆ గోడ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

రాధామనోహరం తీగ దగ్గర చేయాల్సిన పని వేరు. అది చీకటి పడే వేళ తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాడు గులాబీ రంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత ఎరుపెక్కుతుంది. కాబట్టి ఒకే గుత్తిలో ఏది నిన్నటిదో, ఏది మొన్నటిదో రంగును బట్టి చెప్పేయొచ్చు. లాంటానా పొదలోనూ ఇలాగే వయసును బట్టి రంగు మారుతుంది.

పువ్వు రూపం తెలిశాక, దాని దగ్గరికి ఎవరు వస్తారో ఊహించండి. తెల్లగా ఉండి, సాయంత్రం విచ్చుకుని, గాఢంగా వాసన వేస్తే చాలావరకు చీకట్లో తిరిగే రెక్కల పురుగుల కోసం. ఎర్రగా, గొట్టంలా ఉండి వాసన లేకపోతే పక్షుల కోసం అనుకోవచ్చు. నీలం, పసుపు రంగుల్లో ఉండి వాలడానికి ఒక అరుగులాంటి రేకు ఉంటే తేనెటీగల కోసం. తేనెటీగలకు ఎరుపు సరిగా ఆనదు గానీ మనకు కనబడని అతినీలలోహిత కాంతి కనబడుతుంది. మనకు ఒకే రంగులో కనిపించే కొన్ని రేకుల మీద వాటికి తేనె వైపు దారి చూపే గీతలు ఉంటాయి.

ఇలా ఊహించడంలో గొప్ప కథ ఒకటి ఉంది. మడగాస్కర్‌కు చెందిన ఒక ఆర్కిడ్ పువ్వుకు దాదాపు 30 సెంటీమీటర్ల పొడవున్న సన్నని తేనె గొట్టం ఉండడం చూసి, అంత పొడవు నాలుక ఉన్న రెక్కల పురుగు ఒకటి అక్కడ ఉండి తీరాలని 1862లో చార్లెస్ డార్విన్ రాశాడు. అప్పటికి దాన్ని ఎవరూ చూడలేదు. 1903లో, ఆయన పోయిన 21 ఏళ్లకు, సరిగ్గా అలాంటి పురుగును శాస్త్రవేత్తలు వర్ణించారు. మీ ఊహ రాసుకుని, పువ్వుకు రెండడుగుల దూరంలో పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. మొదటి మూడు నిమిషాలు ఏమీ రాదు. లేచి వెళ్లిపోకండి.

వీధికి ఒక పూల గడియారం రాసుకోండి

1751లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్, ఏ పువ్వు ఏ గంటకు విచ్చుకుంటుందో, ఏ గంటకు ముడుచుకుంటుందో వరుసగా రాస్తే పూలను చూసి వేళ చెప్పొచ్చని ప్రతిపాదించాడు. మీ వీధికి మీరే అలాంటిది తయారుచేసుకోవచ్చు. గడ్డి గులాబీ ఎండ పడితే విచ్చుకుంటుంది, మబ్బు రోజున ముడుచుకునే ఉంటుంది. చంద్రకాంత మధ్యాహ్నం దాటి సాయంత్రం అవుతుండగా తెరుచుకుంటుంది. పారిజాతం రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి నేల రాలుతుంది. ఒక కాగితం మీద గంటలు వేసుకుని, తెలిసినప్పుడల్లా ఒక్కో పేరు చేర్చండి. ఆరు పూలు చేరినా చాలు.

వాసనను తొందరపెట్టకండి

ముక్కు చాలా త్వరగా అలవాటు పడిపోతుంది. పువ్వుకు ముఖం ఆనించి గట్టిగా పీల్చే బదులు రెండు చిన్న శ్వాసలు తీసుకుని, పక్కకు వెళ్లి కాసేపాగి మళ్లీ రండి. అదే మల్లెను మధ్యాహ్నం ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. పుప్పొడి పడనివాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం గాలి పువ్వు వైపు నుంచి మీ మీదికి వచ్చేలా నిలబడకండి.

తొలకరికి మట్టి వాసన వస్తుంది కదా, దానిలో పెద్ద భాగం నేలలోని బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిది. 1964లో ఆస్ట్రేలియాకు చెందిన ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ ఈ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. వాన మొదలైన మొదటి నిమిషాల్లోనే కిటికీ దగ్గరికి వెళ్లండి.

పేరు తెలుసుకోండి

ఐనాచురలిస్ట్, ప్లాంట్‌నెట్ లాంటి యాప్‌లు ఫొటోను బట్టి పేరు చెబుతాయి. పువ్వు ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, ఆకు ఒకటి, మొత్తం మొక్క ఒకటి, ఇలా నాలుగు ఫొటోలు తీస్తే సరైన పేరు వచ్చే అవకాశం పెరుగుతుంది. యాప్ చెప్పిన పేరుతో ఆగకుండా, ఆ మొక్కను తెలుగులో ఏమంటారో పెద్దవాళ్లను అడగండి. ఒక్కోచోట ఒక్కో పేరు వస్తుంది, అన్నీ రాసుకోండి. యాప్ మాట నమ్మి మాత్రం ఏ పువ్వునూ నోట్లో పెట్టుకోవద్దు. గన్నేరు, ఉమ్మెత్త లాంటివి అన్ని భాగాలూ విషమే.

కలుపు మొక్కలను వదలకండి

ఎవరూ నాటనివి, ఎవరూ నీళ్లు పోయనివి మనలాంటివాళ్లకు చాలా దగ్గరివి. ఫుట్‌పాత్ పగుళ్లలో మొలిచే గడ్డి చామంతిని వంగి చూడండి. పసుపు మధ్యభాగం చుట్టూ తెల్లటి చిన్న రేకులు, ఒక్కో రేకు చివర మూడు పళ్లు. అత్తిపత్తిని ముట్టుకుని ఆకులు ముడుచుకోవడం అందరం చూశాం, బంతిలా గుండ్రంగా ఉండే దాని గులాబీ రంగు పువ్వును ఆగి చూసినవాళ్లు తక్కువ. గడ్డి కూడా పూస్తుంది. గాలికే పుప్పొడిని వదిలేస్తుంది కాబట్టి దానికి రేకులు అక్కర్లేదు. భూతద్దంలో చూస్తే పోచ చివర వేలాడుతున్న కేసరాలు కనిపిస్తాయి.

చూసినదాన్ని దాచుకోండి

కోయకండి, రాలినవి ఏరుకోండి. తడి లేని పూలను రెండు న్యూస్‌పేపర్ మడతల మధ్య రేకులు విప్పి పరిచి, పైన బరువైన పుస్తకాలు పెట్టండి. మొదటి వారంలో రెండు మూడుసార్లు కాగితం మార్చకపోతే బూజు పడుతుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో ఎండిపోతాయి. పలచగా ఉండే పూలు బాగా నిలుస్తాయి, ముద్దగా ఉండేవి నల్లబడతాయి. పక్కన తేదీ, చోటు రాసి అంటించుకోండి.

ఫొటోలకైతే ఒక్క మాట: పువ్వు ఎత్తుకు మీరు వంగండి, ఎండ పువ్వు వెనక నుంచి వచ్చేలా చూసుకోండి. రేకుల ఈనెలు దీపం పెట్టినట్టు వెలుగుతాయి.

బయటికి వెళ్లలేనివాళ్లు కాడతో ఉన్న పూలను గ్లాసులో పెట్టుకోవచ్చు. కాడను ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. పండ్లకు దూరంగా ఉంచండి. పండే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పూలను త్వరగా వాడిపోయేలా చేస్తుంది.

పెంచేవాళ్ల దగ్గరికి వెళ్లండి

ఇది నేను అన్నిటికంటే ఆలస్యంగా చేసిన పని. మొక్కలు పెంచడం రాదని చెప్పుకోవడానికి సిగ్గుపడి, పెరడు ఉన్నవాళ్లకు దూరంగా ఉన్నాను. మీరు అలా చేయకండి. గేటు దగ్గర నిలబడి, “మీ పూలు రోజూ చూస్తుంటానండీ, ఒకసారి లోపలికొచ్చి చూడొచ్చా?” అని అడగండి. పెంచినవాళ్లకు అంతకంటే సంతోషం కలిగించే మాట ఉండదు. వాళ్లు నీళ్లు పెడుతున్నప్పుడు పైపు పట్టుకోండి, ఎక్కువ పోయకుండా ఎప్పుడు ఆపాలో వాళ్లే చెబుతారు. వాళ్లు రోజూ పనిలో పడి గమనించనిది మీ కంటికి కనిపిస్తే చెప్పండి.

వాళ్లింట్లో బ్రహ్మకమలం అని పిలిచే మొక్క ఉంటే, మొగ్గ వచ్చినప్పుడు ఫోన్ చేయమని అడిగి పెట్టుకోండి. ఆ మొగ్గ మొదట కిందికి వేలాడుతూ ఉంటుంది. విచ్చుకునే రోజు దగ్గరపడే కొద్దీ మెడ పైకెత్తుతుంది, లావెక్కుతుంది. చీకటి పడ్డాక వెళ్లండి, కూర్చోవడానికి చోటు చూసుకోండి. రేకులు ఎంత మెల్లగా విడతాయంటే కదలిక కంటికి తెలియదు, కాసేపు పక్కకు చూసి తిరిగితే ఇందాకటి కంటే ఎక్కువ తెరుచుకుని ఉంటుంది. తెల్లారేసరికి వాడిపోతుంది కాబట్టి, ఫోన్ వచ్చిన రాత్రే బయల్దేరండి.